ఒక్కటే మేకు

ఆ ఆదివారం పొద్దున ఫొటోగ్రాఫరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కొండదారి పట్టాలి. మూడో మలుపు దగ్గరున్న బండ ఎక్కి కూర్చోవాలి. పదీ నలభైకి సొరంగంలోంచి బయటికొచ్చే కొండ రైలుని ఒక్క ఫొటో తీసుకుని, భోజనాల వేళకి ఇంటికి చేరాలి. ఇందులో ఎవరికైనా కీడు తలపెట్టిన మాట ఉందా? లేదు కదా. మరి స్కూటరు మీద కాళ్ళ దగ్గర పాత దుప్పట్లో చుట్టి పెట్టుకున్న పసుపు రంగు బోర్డు మాటేమిటంటారా, తొందరపడకండి, దాని దగ్గరికే వస్తున్నాం.

కొండ రైలుకి అదే ఆఖరి రోజు. నాలుగు పెట్టెలు, ఆయాసపడుతూ ఎక్కే ముసలి ఇంజను. కొండమీది ఊరికి రోడ్డు వెడల్పు చేశాక రైలెక్కే వాళ్ళు తగ్గిపోయారు. ఈ ఆదివారంతో బండి ఆపేస్తున్నామని స్టేషన్లో కాగితం అంటించారు. ఫొటోగ్రాఫరు మామగారు ఆ బండిలోనే ముప్పై నాలుగేళ్ళు గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆఖరి ప్రయాణానికి ఆయన్నే గార్డు పెట్టెలో నిలబెట్టి, ఆయన చేతే పచ్చజెండా ఊపిస్తామని కబురు చేశారు. కబురందిన రోజే మామగారు స్టూలెక్కి, ముందుగదిలో వంటింటి గుమ్మం పక్కన, తన కుర్చీకి సరిగ్గా పైన గోడకి ఒక మేకు కొట్టారు. కొట్టి, స్టూలు దిగకుండానే ఇద్దరల్లుళ్ళనీ కిందికి చూశారు.

"నా బండి ఫొటో ఇక్కడుండాలి. ఇద్దరూ తీయండి. బాగున్నది పెడతాను. గోడ నిండా వేలాడదీయడం నాకు గిట్టదు. ఒక్కటే మేకు."

ఇద్దరూ తీయండి! ఆ మాట దగ్గరే ఫొటోగ్రాఫరుకి కడుపులో నిప్పు రాజుకుంది. ఆయన పెద్దల్లుడు. ఇరవై రెండేళ్ళుగా సొంత స్టూడియో నడుపుతున్నాడు. ఊళ్ళో సగం మంది గుర్తింపు కార్డుల మీది మొహాలు ఆయన దించినవే. చిన్నల్లుడేమో పళ్ళ డాక్టరు. పళ్ళు పీకే చేత్తోనే జేబులోంచి ఫోను తీసి టిక్కుమనిపిస్తాడు, ఫొటో అంటాడు. ఏనుగునీ ఎలుకనీ ఒకే త్రాసులో వేస్తారా ఎవరైనా?

వేస్తారు. పోయినేడు వేశారు కూడా. మామగారి డెబ్భయ్యో పుట్టినరోజుకి ఫొటోగ్రాఫరు ఇంటిల్లిపాదినీ పెరట్లో నలభై నిమిషాలు నిలబెట్టాడు. గడ్డం పైకన్నాడు, కొంచెం కిందికన్నాడు, కదలొద్దన్నాడు. తీరా చూస్తే పదకొండు ఫొటోల్లోనూ ఎవరో ఒకరు కళ్ళు మూసుకునే ఉన్నారు. అంతా విసిగి కుర్చీల్లో కూలబడి, మామగారు ఏదో అంటే పగలబడి నవ్వుతున్నప్పుడు డాక్టరు ఫోనుతో ఒకటి తీశాడు. అత్తగారు దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సరే, అంతటితో ఆగిందా? దాన్ని పెద్దది చేయించమని ఈయన స్టూడియోకే పంపారు. ఈయనే అచ్చు వేసి, ఈయనే ఫ్రేము కట్టి, అలవాటు చొప్పున వెనక స్టూడియో రబ్బరు ముద్ర కూడా కొట్టి ఇచ్చాడు. ఏ పనైనా సరే, వెనక ముద్ర పడందే ఆ స్టూడియో గడప దాటదు. ఆ ఫ్రేము ఇప్పుడు అత్తగారి మంచం పక్కనుంది. దాన్ని చూడకుండా ఉండాలని ఫొటోగ్రాఫరు ఏడాదిగా ఆ గదిలోకే వెళ్ళడం లేదు.

"ఆ దుప్పట్లో ఏమిటండీ?" స్కూటరు దగ్గరికి వచ్చి అడిగింది భార్య.

"వెలుతురు పడటానికి పెట్టుకునే అట్ట. నీకు తెలీదులే."

"అట్టకి నిన్న సాయంత్రం రెండు గంటలు అచ్చు మెషీను తిప్పారెందుకు?"

"ఆలస్యమవుతోంది, అడ్డు తప్పుకో."

"చెల్లి ఫోన్ చేసింది. మా మరిది కూడా ఆ బండ దగ్గరికే వస్తున్నాడట. నాన్న ఇద్దరికీ ఒకటే చోటు చెప్పాడట. కలిసి వెళ్ళొచ్చు కదా?"

"కలిసి వెళ్ళడానికి అదేమైనా విహారయాత్రా?"

"కుళ్ళండీ, ఒట్టి కుళ్ళు మీకు!" అంది ఆవిడ. ఆయన స్కూటరు స్టార్టు చేశాడు.

ఇక బోర్డు దగ్గరికి వద్దాం. రైలు గేటు దాటాక రోడ్డు పక్కనుంచి బండ మీదికి ఒకే ఒక కాలిబాట ఉంది. డాక్టరు మహా జాగ్రత్తపరుడు. రొట్టె ప్యాకెట్టు మీద తేదీ చూడనిదే కొనడు, అగ్గిపెట్టె మీద రాసిందాన్ని కూడా పూర్తిగా చదివి గానీ పుల్ల గీయడు. అలాంటివాడు కాలిబాట మొదట్లో ఒక హెచ్చరిక బోర్డు చూస్తే ఏం చేస్తాడు? బుద్ధిగా ఇంటికి పోతాడు. అందుకే ఫొటోగ్రాఫరు నిన్న స్టూడియోలో బోర్డు తయారుచేశాడు. పసుపు నేల, నల్ల అంచు, మధ్యలో రాళ్ళు దొర్లుతున్న బొమ్మ. 'ప్రమాదం! కొండచరియలు విరిగిపడుతున్నాయి. ముందుకు వెళ్ళరాదు.' కింద చిన్నక్షరాలతో 'ఆజ్ఞ మేరకు' అని. ఎవరి ఆజ్ఞో రాయలేదు, ఆజ్ఞ అంటే చాలు జనం ఆగిపోతారని ఆయనకి తెలుసు. పని ఎంత బాగా కుదిరిందంటే, తడి ఆరాక దాన్ని గోడకి ఆనించి, నాలుగడుగులు వెనక్కి వేసి, తనే ఒకసారి భయపడి చూసుకున్నాడు.

ఏడున్నరకి కాలిబాట మొదట్లో బోర్డు పాతాడు. స్కూటరు పొదల చాటుకి తోశాడు. బండ ఎక్కి, మూడు కాళ్ళ స్టాండు వేసి, కెమెరా బిగించి, వచ్చే బండి కోసం ఖాళీ పట్టాలను నలభై ఏడు ఫొటోలు తీసి సరిచూసుకున్నాడు. సొరంగం నోరు, రాతి వంతెన, దాని వెనక తెల్లగా జారుతున్న జలపాతం, మూడూ ఒకే చట్రంలో కుదిరాయి. మేకు కళ్ళ ముందు మెరిసింది. అక్కడ ఫోనుకి సిగ్నల్ లేదు. అదీ మంచిదే అనుకున్నాడు. మనశ్శాంతిగా ఉంటుంది కదా.

తొమ్మిదిన్నరకి డాక్టరు కారు దిగాడు. బోర్డు చూశాడు. అలవాటు ప్రకారం అక్షరం అక్షరం చదివాడు. ఇంతవరకూ ఫొటోగ్రాఫరు లెక్క తప్పలేదు. తప్పిందెక్కడంటే, డాక్టరు ఇంటికి పోలేదు. పొదల్లోంచి తొంగిచూస్తున్న స్కూటరు చూశాడు.

"అయ్యో, అన్నయ్య!" అని కేక పెట్టాడు. పెద్దతోడల్లుణ్ణి అతను అన్నయ్యా అనే పిలుస్తాడు. ఫోన్ చేశాడు. పలకలేదు. మళ్ళీ చేశాడు. అలా అరవైసార్లు చేశాడు, మధ్యమధ్యలో భార్యకి, వదినకి, అగ్నిమాపక దళానికి కూడా చేశాడు. చేసీ చేసీ ఫోన్లో ఛార్జింగంతా అయిపోయాక గేటుమాన్ గదికి పరిగెత్తాడు.

"కొండచరియలు విరిగిపడుతున్నాయట! మా అన్నయ్య పైన ఇరుక్కుపోయాడు! బండిలో మా మామయ్యగారున్నారు!"

గేటుమాన్‌కి ఆ బోర్డు సంగతి అసలు తెలియదు. కానీ తన గేటుకి నూరడుగుల దూరంలో ఉన్న బోర్డు తనకే తెలియదంటే ఉద్యోగానికి మర్యాదేముంటుంది?

"తెలుసండీ, తెలుసు," అన్నాడు నింపాదిగా. "పొద్దున్నే మావాళ్ళొచ్చి పాతారు. నేనే గునపం అందించాను." అని ఎర్రజెండా తీసుకుని పట్టాల మధ్య నిలబడ్డాడు.

పదీ పాతికకి బండి వచ్చి గేటు దగ్గర ఆగిపోయింది. అప్పటివరకూ చేతులూపుతున్న జనమంతా దిగి బోర్డు చుట్టూ మూగారు. ఆఖరి ప్రయాణం కదా అని మొదటి పెట్టెలో రైలు ఇంజనీరు కూడా వచ్చాడు. డ్రైవరు ఆయన వైపు చూశాడు, జనం చూశారు, గేటుమాన్ మరీ గుచ్చి గుచ్చి చూశాడు. తన లైను మీద చరియలు విరిగిపడుతుంటే తెలియదని ఏ ఇంజనీరు ఒప్పుకుంటాడు?

"అవును," అన్నాడు ఇంజనీరు గొంతు సవరించుకుని. "నా దృష్టికి రాగానే నిన్న నేనే సంతకం చేసి పెట్టించాను. అందుకే ఇవాళ స్వయంగా వచ్చాను. బండి ముందుకి పోవడానికి వీల్లేదు. వెనక్కి నడిపించేయండి, జనాన్ని బస్సులో పంపుదాం."

ఇదంతా కింద జరుగుతుంటే పైన బండ మీద మన మహానుభావుడు గడియారం చూసుకుంటున్నాడు. పదీ నలభై అయింది. పదీ యాభై అయింది. బండి జాడ లేదు. వచ్చిందల్లా కాలిబాట మీద నుంచి ఒక గొంతు.

"అన్నయ్యా! అన్నయ్యా!"

డాక్టరు గొంతు! అంటే బోర్డుని లెక్కచెయ్యకుండా వచ్చేస్తున్నాడన్నమాట! ఫొటోగ్రాఫరుకి ఒళ్ళు మండిపోయింది. బస్సులో సీటు మీద రుమాలు వేసినట్టు కెమెరానీ స్టాండునీ బండ మీదే ఉంచి, వీణ్ణి దారిలోనే అటకాయించి వెనక్కి పంపాలని కిందికి ఉరికాడు.

సగం దారిలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఫొటోగ్రాఫరు నోరు తెరిచేలోపే డాక్టరు వచ్చి వాటేసుకున్నాడు. చొక్కా చిరిగింది, మోచేయి గీరుకుపోయింది, కళ్ళనిండా నీళ్ళు.

"బతికే ఉన్నారా అన్నయ్యా! ఎవరెంత ఆపినా వినకుండా వచ్చేశాను. పదండి పదండి, ఏ క్షణాన ఏ రాయి పడుతుందో!"

ఫొటోగ్రాఫరు మాట ఒక్కటీ వినకుండా చెయ్యి పట్టుకుని కిందికి ఈడ్చుకుపోయాడు. కింద జనం చప్పట్లు కొట్టారు. ఎవరో మంచినీళ్ళిచ్చారు. ఎవరో భుజాన దుప్పటి కప్పారు. ఆ దుప్పటి ఆయనదే, బోర్డు చుట్టి తెచ్చినది. ఫొటోగ్రాఫరు తేలు కుట్టిన దొంగలా నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. ఇలాగే నోరు మూసుకుని ఇంటికి పోతే ఈ జన్మలో ఎవరికీ తెలియదు. ఇంజనీరు సంతకం చేశానంటున్నాడు, గేటుమాన్ గునపం అందించానంటున్నాడు. ఇక తనకేం భయం?

అప్పుడు మామగారు కనిపించారు. ఆఖరి పెట్టె మెట్టు మీద ఒక్కరే కూర్చున్నారు. ఇస్త్రీ చేసిన పాత యూనిఫారం వేసుకొచ్చారు, బొత్తాలన్నీ తోమి పెట్టారు. పచ్చజెండాని మెల్లగా కర్రకి చుడుతున్నారు.

"ముప్పై నాలుగేళ్ళు," అన్నారు ఎవరితోనూ కాకుండా. "ఒక్కసారి కూడా ఈ బండి కొండెక్కకుండా వెనక్కి తిరగలేదు. ఆఖరి రోజు తిరుగుతోంది."

ఫొటోగ్రాఫరు ఆ మాట విన్నాడు. కుళ్ళుబోతు కావచ్చు గానీ మరీ రాతిగుండె మనిషి కాదు. లేచి దుప్పటి విదిలించాడు.

"ఆ బోర్డు నేను పెట్టానండీ," అన్నాడు ఇంజనీరుతో.

"మీరెవరు?"

"ఫొటోగ్రాఫర్ని."

"ఫొటోగ్రాఫరు బోర్డు పెట్టడమేమిటయ్యా? సంతకం నాది."

"గునపం నాది," అన్నాడు గేటుమాన్.

"పాపం, బాగా బెదిరిపోయాడు," అంది ఒక ముసలావిడ.

"అన్నయ్యా, తలకేమైనా దెబ్బ తగిలిందా?" డాక్టరు కంగారుగా మొహంలోకి వంగాడు. "ఏదీ, నోరు తెరవండి."

నిజం చెబితే నమ్మేవాడొక్కడూ లేడు. అబద్ధాన్ని అంత పనితనంతో చేసినందుకు ఇదీ శిక్ష. ఫొటోగ్రాఫరు పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి, బోర్డుని రెండు చేతులతో ఊపి ఊపి పీకి, వెనక్కి తిప్పి అందరికీ చూపించాడు. నీలం రంగులో గుండ్రటి ముద్ర. అలవాటు చొప్పున నిన్న కొట్టేశాడు మరి. మామగారు లేచి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ ముద్రలో ఉన్న స్టూడియో పేరూ, ఫోను నంబరూ, దాని కిందున్న మాటా పైకి చదివారు.

"'మీరు నవ్వండి, మిగతాది మేం చూసుకుంటాం.'"

ఇంజనీరు ఆకాశంలోకి చూశాడు.

"నేను సంతకం చేసింది వేరే బోర్డుకి," అన్నాడు.

"గునపం కూడా వేరేదేనండీ," అన్నాడు గేటుమాన్.

"ఎందుకు పెట్టావల్లుడూ?" అన్నారు మామగారు.

"మేకు కోసం మామయ్యగారూ." ఇంకేం దాస్తాడు? "డాక్టరు ఇక్కడికొస్తే మళ్ళీ వాడి ఫొటోనే బాగా వస్తుందని. నాకు ఓర్వలేనితనం. వాడలా ఫోను తీసి టిక్కుమనిపిస్తే మీరంతా నవ్వుతారు. నేను గంటసేపు దించినా ఒక్కరు కళ్ళు తెరవరు."

డాక్టరు చిరిగిన చొక్కా సర్దుకుంటూ ముందుకొచ్చాడు.

"అన్నయ్యా, నేను ఫొటో తీయడానికి రాలేదు. మీరు తీస్తుంటే పక్కన నిలబడి నేర్చుకుందామనీ, ఆ స్టాండు బరువు కదా, మోయడానికి సాయముంటుందనీ వచ్చాను."

ఈ మాటతో ఫొటోగ్రాఫరు కడుపుమంట చల్లారిందనుకుంటే పొరపాటే. మంచితనంలో కూడా వీడే గెలవాలా అని అది ఇంకో బారెడు లేచింది.

మామగారు గడియారం చూసుకున్నారు. "యాభై రెండు నిమిషాలు లేటు. ఇద్దరూ నా పెట్టెలోకి ఎక్కండి. కిందుంటే ఇంకేం బోర్డులు పాతుతారో. ఆ బోర్డు కూడా లోపల పెట్టు, నా కళ్ళెదురుగా ఉండాలి."

పచ్చజెండా విచ్చుకుంది. బండి ఒళ్ళు విరుచుకుని కదిలింది, కొండెక్కింది, సొరంగంలోకి దూరింది. సొరంగం దాటి వంతెన మీదికి వచ్చేసరికి అంతసేపూ కమ్ముకునున్న మబ్బు విడిపోయి ఎండ జలపాతం మీద పడింది. ఇంజనూ వంతెనా జలపాతమూ ఒక్క వరుసలో వెలిగిపోయాయి. పెట్టె తలుపు దగ్గర మామగారు జెండా చాచి నిలబడ్డారు. అంత గొప్ప దృశ్యం ఆ కొండ మీద మళ్ళీ రాదు.

ఎదురుగా, బండ మీద, మూడు కాళ్ళ మీద నిలబడి కెమెరా ఒక్కటే వాళ్ళని చూస్తోంది.

"నా కెమెరా!" అన్నాడు ఫొటోగ్రాఫరు, ఏడుపొక్కటే తక్కువ.

"భలే చోటు చూసి పెట్టారన్నయ్యా," అన్నాడు డాక్టరు మనస్ఫూర్తిగా. జేబులోంచి తన ఫోను తీసి చూశాడు. అది ఎప్పుడో ఆరిపోయింది.

"అల్లుడూ, నవ్వమంటావా?" అన్నారు మామగారు కెమెరా వైపు తిరిగి. దాని వెనక ఎవరూ లేరన్న సంగతి ఆయనకి తట్టలేదు.

"నవ్వండి మామయ్యగారూ," అన్నాడు ఫొటోగ్రాఫరు నీరసంగా. "కదలకండి." ఆయన కదలలేదు. బండే కదిలిపోయింది.

మరుసటి ఆదివారం ఇద్దరల్లుళ్ళూ ఉత్త చేతులతో మామగారి ముందుగదిలో కూర్చున్నారు. ఒకరి కెమెరాలో ఖాళీ పట్టాల ఫొటోలు నలభై ఏడున్నాయి. ఇంకొకరి ఫోన్లో అవీ లేవు. మేకు గోడకి అలాగే ఉంది. ఫొటోగ్రాఫరు తల ఎత్తి దాన్ని చూడలేకపోతున్నాడు. మామగారు లోపలికెళ్ళి, తలుపు వెనకనుంచి పసుపు బోర్డు తెచ్చి ఆ మేకుకి తగిలించారు.

"వానలు ఆపలేదు, వరదలు ఆపలేదు," అన్నారు. "ముప్పై నాలుగేళ్ళలో నా బండిని ఆపింది ఇదొక్కటే. పైగా ఆ పనితనం చూడండి. ఇంజనీరంతటివాడే తన సంతకమనుకున్నాడు!"

"వంటింటి గుమ్మం పక్కన 'ముందుకు వెళ్ళరాదు' అని వేలాడుతుంటే భోజనానికి ఎవరొస్తారండీ?" అంది అత్తగారు.

ఇంటిల్లిపాదీ ఘొల్లుమన్నారు. ఫొటోగ్రాఫరు కూడా నవ్వాడు. పరువు ఎలాగూ పోయింది గానీ, ఎలా చూసినా మేకుకి వేలాడుతున్నది తన చేతి పనే కదా. ఏడాది తర్వాత మొదటిసారి ఆయన ఛాతీ కాస్త విచ్చుకుంది. ఈసారి తనే గెలిచాడు. చెప్పొద్దూ, తోడల్లుడి వైపు కొంచెం జాలిగా కూడా చూశాడు.

తోడల్లుడు అప్పటికే ఫోను తీసి టిక్కుమనిపించాడు. పైన బోర్డు, దాని కింద అందరూ పడీ పడీ నవ్వుతూ, మధ్యలో కళ్ళు పూర్తిగా తెరుచుకుని మామగారు. ఫోను చేతులు మారింది. అత్తగారు దాన్ని చూసి మళ్ళీ కళ్ళు ఒత్తుకుంది.

"ఇదిగో పెద్దల్లుడూ, దీన్ని కాస్త పెద్దది చేసి పట్రా," అని చెప్పి, మామగారు సుత్తి కోసం వెతకడం మొదలుపెట్టారు.